ఏ లెవెల్ పేపర్ 5: ల్యాబ్ లేని ప్రాక్టికల్ పరీక్షకి ఎలా ప్రిపేర్ అవ్వాలి? (బయాలజీ, కెమిస్ట్రీ)

పటమట_పిల్ల:
అందరికీ నమస్కారం. ఉండేది బెజవాడలోనే గానీ ఇంటర్ కాదు, కేంబ్రిడ్జ్ ఏ లెవెల్ చదువుతున్నాను. నాన్నగారు మస్కట్‌లో చేస్తారు. నేనూ అమ్మా అమ్మమ్మగారింటికి వచ్చేశాం. బయాలజీ 9700, కెమిస్ట్రీ 9701. రెండింట్లోనూ పేపర్ 5 అని ఒకటుంది. ప్లానింగ్, ఎనాలిసిస్, ఎవాల్యుయేషన్. గంటా పావు టైమ్, 30 మార్కులు. మొత్తం ఏ లెవెల్‌లో దీని వాటా 11.5 శాతం. ల్యాబ్‌లో అడుగు పెట్టే పని లేదు, అంతా కాగితం మీదే. ప్రయోగం ఎలా చేస్తావో రాయాలి, వాళ్ళిచ్చిన రీడింగులు తీసుకుని గ్రాఫ్ గీసి, లెక్కలు కట్టి, తప్పెక్కడ జరిగి ఉంటుందో చెప్పాలి.

థియరీ బాగానే వస్తోంది. పేపర్ 5 దగ్గరికొచ్చేసరికి చతికిలబడుతున్నాను. మాక్‌లో బయాలజీకి 30కి 13. పాస్ట్ పేపర్లు చేస్తున్నాను. మార్క్ స్కీమ్ (ఏ జవాబుకి మార్కు వేస్తారో చెప్పే కీ) చూస్తే 'ఓస్ ఇంతేనా' అనిపిస్తుంది, తర్వాతి పేపర్‌లో మళ్ళీ అదే తంతు. ఇక్కడ చుట్టుపక్కల అందరూ ఇంటర్, నీట్ వాళ్ళే. అడగడానికి ఎవరూ లేరు. ఎవరైనా దారి చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

బందరురోడ్డు_బైపీసీ:
ల్యాబ్ లేకుండా ప్రాక్టికల్సా! మాకు ల్యాబ్ ఉండి కూడా ప్రాక్టికల్స్ లేవు కదా 😂
సీరియస్‌గా చెప్తున్నా, మా కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ తాళం తీసేది పరీక్షకి వారం ముందు. రికార్డు మాత్రం జూనియర్స్‌కి అమ్ముకునేంత నీట్‌గా ఉంటుంది. సీనియర్ రికార్డు చూసి రాశాం, మాది చూసి వాళ్ళు రాస్తారు. సారీ, హెల్ప్ చేయలేను గానీ థ్రెడ్ ఫాలో అవుతున్నా.

అరండల్‌పేట_అక్క:
చెల్లీ, నేను ఏ లెవెల్ చేసినదాన్నే, ఇప్పుడు గుంటూరులో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ. నీ సమస్య ఏంటో నువ్వే చెప్పేశావు, గమనించావా? మార్క్ స్కీమ్ చూస్తే తేలిగ్గా ఉంది, రాయబోతే రావట్లేదు. అంటే నీకు విషయం తెలుసు, కాగితం మీదికి దిగట్లేదు. నీ బుర్రలో ఉన్నదానికి మార్కులు పడవు.

ప్లాన్ రాయడం అంటే పెళ్ళి వంటకి సామాన్ల చీటీ రాయడం లాంటిది. 'నూనె కావలసినంత' అని రాస్తే కొట్టువాడు ఏం కడతాడు? ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నీ కాగితం పట్టుకుని ల్యాబ్‌లోకి వెళ్ళి, నీకు ఒక్కసారి కూడా ఫోన్ చేయకుండా ప్రయోగం పూర్తి చేయగలగాలి. చేయగలిగితే మార్కులు.

నువ్వు రాసిన ప్లాన్ ఒకటి ఇక్కడ పెట్టు. ఉత్త సలహాలతో ఏం ఒరగదు, చీల్చి చెండాడదాం.

బ్యూరెట్_బాబాయ్:
నేను గుంటూరులో ఇంటర్, డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. అరండల్‌పేట అమ్మాయి చెప్పింది బాగానే ఉంది గానీ నాదొక మాట. చేత్తో చేయనివాడికి ప్లాన్ రాయడం రాదు. బ్యూరెట్, అదే ద్రావణాన్ని కొలిచి చుక్క చుక్కగా వదిలే గాజు గొట్టం, పట్టుకోని పిల్ల 'బ్యూరెట్‌ని దేనితో కడగాలి' అన్న ప్రశ్నకి బట్టీ పట్టి జవాబు రాస్తుంది, రేపు ప్రశ్న కాస్త మారిస్తే తెల్లమొహం వేస్తుంది. ముందు చెయ్యి తల్లీ, తర్వాత రాయి.

అరండల్‌పేట_అక్క:
సార్, మీరన్నది పేపర్ 3కి. అది రెండు గంటలు నిజంగా ల్యాబ్‌లోనే. ఆ అమ్మాయి అడిగేది పేపర్ 5. అందులో చేయి తిరగడం కంటే మాట కచ్చితంగా ఉండటం ముఖ్యం. మా బ్యాచ్‌లో ల్యాబ్‌లో పులి లాంటి అబ్బాయికి పేపర్ 5లో అత్తెసరు మార్కులు. చేత్తో చేసేది అతనికి ఎంత అలవాటైపోయిందంటే అవన్నీ కూడా రాయాలని తట్టలేదు.

బ్యూరెట్_బాబాయ్:
ఆ అబ్బాయికి రాయడం ఒక నెలలో నేర్పొచ్చు. ల్యాబ్ మొహం చూడనివాడికి నెలలో ఏం నేర్పుతావు? సరే, వాదన పక్కన పెడదాం. ప్లాన్ రానీ.

పటమట_పిల్ల:
థాంక్యూ అక్కా, థాంక్యూ సార్. పాస్ట్ పేపర్‌లోది పెడితే మార్క్ స్కీమ్ నాకు గుర్తుండిపోయింది, అందుకని సొంతంగా ప్రశ్న తయారు చేసుకున్నాను. వరి కోశాక మాగాణుల్లో మినుము వేస్తారు కదా, సముద్రం దగ్గర పొలాల్లో ఉప్పు ఉంటే మొలక సరిగ్గా రాదని తాతయ్య అంటుంటారు. దాని మీద:

'మినుములు మొలకెత్తడంపై ఉప్పు ప్రభావం. అయిదు గ్లాసుల్లో వేర్వేరు గాఢతల ఉప్పు నీళ్ళు తీసుకోవాలి. ఒక్కో దాంట్లో కొన్ని మినుములు వేయాలి. గది ఉష్ణోగ్రతలో ఉంచాలి. రెండు రోజుల తర్వాత ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టాలి. కచ్చితత్వం కోసం మూడుసార్లు చేయాలి. ఉప్పు పెరిగేకొద్దీ మొలకలు తగ్గుతాయి.'

అరండల్‌పేట_అక్క:
ప్రశ్న సూపర్. ప్లాన్‌కి మాత్రం 13 కూడా ఎక్కువే 🙂 ఒక్కో వాక్యం చూద్దాం.

'వేర్వేరు గాఢతలు.' ఏవి? కనీసం అయిదు విలువలు, సమాన దూరంలో ఉండాలి, అంకెలతో. 0, 0.05, 0.10, 0.15, 0.20 మోలార్ అని రాయి. అవి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. సోడియం క్లోరైడ్ 58.5 గ్రాములు లీటరుకి అయితే 1 మోలార్. నీకు లీటరు అక్కర్లేదు. 5.85 గ్రాములు తూచి, డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లో 100 మి.లీ. చెయ్యి. అది స్టాక్. 0.20 కావాలంటే స్టాక్ 20, నీళ్ళు 80. 0.15కి 15, 85. అలా కిందికి. ఇదంతా వాక్యాల్లో రాస్తే చెయ్యి నొప్పి, చిన్న టేబుల్ వేసేయ్, మార్కులు అలాగే పడతాయి. అన్నట్టు పేపర్లో మి.లీ. అని రాయరు, ఘన సెంటీమీటర్లు అంటారు. రెండూ ఒకటే, ఇక్కడ రాయడం తేలికని మి.లీ. అంటున్నా.

'గ్లాసుల్లో.' నీళ్ళలో మునిగిపోయిన గింజకి ఆక్సిజన్ అందదు. అప్పుడు మొలక రాకపోతే ఉప్పు వల్లా, ఊపిరాడకా? పెట్రీ డిష్‌లో ఫిల్టర్ పేపర్ పరిచి, ప్రతి డిష్‌లో సరిగ్గా 10 మి.లీ. ద్రావణం పోసి, మూత పెట్టు. మూత ఎందుకో కూడా ఒక ముక్క రాయి: నీరు ఆవిరైతే మిగిలిన ద్రావణం గాఢత పెరిగిపోతుంది.

'కొన్ని మినుములు.' కొన్ని అంటే? డిష్‌కి 20. ఒకే బస్తాలోవి, ఒకే సైజువి, పుచ్చులూ ముక్కలూ ఏరేసినవి. పొట్టు ఉన్న మినుములే సుమా. ఇడ్లీకి నానేసే మినప్పప్పు తీసుకెళ్తే నీ ప్రయోగం అక్కడితో సరి.

'గది ఉష్ణోగ్రత.' ఏ గది? డిసెంబర్‌లోనా, రోహిణి కార్తెలోనా? బెజవాడలో ఈ మాట అసలు రాయకూడదు. ఇంక్యుబేటర్‌లో 30 డిగ్రీల దగ్గర, చీకట్లో, అని రాయి. స్థిరంగా ఉంచే ప్రతి దానికీ దేనితో ఉంచుతావో చెప్పాలి. 'ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచాలి' అని ఊరుకుంటే సున్నా.

'ఎన్ని మొలకెత్తాయో.' మొలకెత్తడం అంటే ఏంటి? పొట్టు పగలడమా? తొలివేరు కనీసం 2 మి.మీ. బయటికి వస్తేనే లెక్క, 48 గంటలకి చూస్తాను, శాతంలో రాస్తాను. ఇలా గీత గీసి చెప్పు. ఇద్దరు మనుషులు అదే డిష్ చూసి ఒకే అంకె చెప్పాలి.

'కచ్చితత్వం కోసం మూడుసార్లు.' అందరూ బోల్తా పడేది ఇక్కడే. మళ్ళీ మళ్ళీ చేస్తే కచ్చితత్వం పెరగదు. త్రాసు తప్పు చూపిస్తుంటే మూడుసార్లూ తప్పే చూపిస్తుంది. రిపీట్స్ దేనికంటే, తేడాగా వచ్చిన రీడింగ్‌ని గుర్తుపట్టి వదిలేయడానికి, మిగతావాటికి సగటు తీయడానికి, ఫలితం మీద నమ్మకం పెరగడానికి. 'ప్రతి గాఢతకీ మూడు డిష్‌లు, తేడా రీడింగ్ వదిలి సగటు' అని రాయి.

ఇక నువ్వు రాయనే రాయనివి. 0 గాఢత డిష్ కంట్రోల్ అని పేరు పెట్టి చెప్పు. రిస్క్ గురించి ఒక లైను. ఇందులో ప్రమాదమేమీ లేదు కాబట్టి 'లో రిస్క్' అనే రాయి, అది కూడా జవాబే. ప్రతి ప్రయోగానికీ గ్లవ్స్, గాగుల్స్ అని అలవాటుగా రాసేస్తే కుదరదు. ఏ ప్రమాదం, దేని వల్ల, దానికి ఏ జాగ్రత్త, మూడూ కలిసి ఉండాలి.

పటమట_పిల్ల:
అక్కా 🙏 అన్నీ తెలిసినవే, ఒక్కటీ రాయలేదు. పెట్రీ డిష్ సంగతి మాత్రం నిజంగా తట్టలేదు.

బందరురోడ్డు_బైపీసీ:
అక్కా నాదో డౌటు. ఈ 20, 80 పద్ధతీ, సీరియల్ డైల్యూషనూ ఒకటేనా?

అరండల్‌పేట_అక్క:
కాదు తమ్ముడూ. సీరియల్ డైల్యూషన్ అంటే ముందు చేసినదాంట్లోంచి తీసి తర్వాతది చేయడం. స్టాక్ 10 మి.లీ. తీసి 90 నీళ్ళలో కలిపితే పదోవంతు. బాగా కలిపి, అందులోంచి 10 తీసి మళ్ళీ 90లో కలిపితే నూరోవంతు. అలా 1, 0.1, 0.01, 0.001. బ్యాక్టీరియా లెక్కపెట్టేటప్పుడు ఇదే వాడతాం, అక్కడ లక్షల్లోంచి పదుల్లోకి దిగాలి కదా. సమాన దూరంలో విలువలు కావాలంటే మాత్రం స్టాక్ నుంచే ప్రతిసారీ తీసుకోవాలి. ప్రశ్నలో ఏది అడిగారో చూసుకోవాలి. 'సీరియల్' అన్నాక స్టాక్ నుంచే ప్రతిసారీ తీసే పద్ధతి రాస్తే మార్కు పోతుంది.

తాడేపల్లి_తల్లి:
మా అబ్బాయి కూడా ఇదే బోర్డు అండీ. ఆన్‌లైన్ ట్యూషన్‌లో పేపర్ 5కి విడిగా ప్యాకేజీ అంటున్నారు, ఫీజు చూస్తే గుండె జారిపోయింది. అవసరమంటారా?

బ్యూరెట్_బాబాయ్:
అవసరం లేదమ్మా. పేపర్లు, మార్క్ స్కీములతో పాటు ఎగ్జామినర్ రిపోర్టులని ఉంటాయి, మీ అబ్బాయి స్కూల్లో అడగండి. ఎక్కువమంది ఏ ప్రశ్నకి ఏం రాసి మార్కు పోగొట్టుకున్నారో వాటిలో ఉంటుంది. ట్యూషన్ వాళ్ళు చెప్పేదీ అందులోంచే.

స్టాట్స్_సుబ్బు:
ఆలస్యంగా చూశాను. మినుముల ప్రశ్న మీద చెయ్యి వేయకుండా ఉండలేకపోతున్నా.

బయాలజీ పేపర్ 5లో సగం మార్కులు ప్లాన్‌కి, సగం ఎనాలిసిస్, కన్‌క్లూజన్లు, ఎవాల్యుయేషన్‌కి. 15, 15. ఈ రెండో సగంలో పిల్లలు భయపడేది స్టాటిస్టిక్స్‌కి. నిజానికి అవి తేలిక మార్కులు. టీ టెస్ట్, కై స్క్వేర్ లాంటి పెద్ద సూత్రాలు ప్రశ్నాపత్రంలోనే ఇస్తారు. నీ పని ఏ టెస్ట్ ఎప్పుడు వాడాలో తెలిసి ఉండటం, 'ఎందుకు' అంటే ఒక్క వాక్యంలో చెప్పగలగటం.

ఇదే ప్రయోగాన్ని నాలుగు రకాలుగా తిప్పి చూపిస్తా.

ఉప్పు గాఢత పెరిగేకొద్దీ మొలక శాతం తగ్గుతోందా అని చూస్తున్నావు. రెండు చలరాశుల మధ్య సంబంధం. అప్పుడు స్పియర్‌మన్ ర్యాంక్. సంబంధం సరళరేఖలా ఉండి, డేటా నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉంటే పియర్సన్.

ఉప్పు లేని డిష్‌లో వేర్ల పొడవు, 0.10 డిష్‌లో వేర్ల పొడవు పోలుస్తున్నావు. రెండు గుంపుల సగటుల మధ్య తేడా, కొలిచిన విలువలు. అప్పుడు టీ టెస్ట్.

మొలకెత్తినవి ఎన్ని, ఎత్తనివి ఎన్ని, మనం ఊహించిన సంఖ్యకీ వచ్చిన సంఖ్యకీ తేడా ఎంత? లెక్కపెట్టిన సంఖ్యలు, విడివిడి కేటగిరీలు. కై స్క్వేర్.

నాలుగోది టెస్ట్ కాదు, ఎర్రర్ బార్లు. లెక్క కోసం ఊహించిన అంకెలు తీసుకుందాం. ఉప్పు లేని వేర్ల సగటు 24 మి.మీ., 0.10లో 19 మి.మీ. రెండింటికీ స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 4, ఒక్కో గుంపులో 16 వేర్లు. స్టాండర్డ్ ఎర్రర్ అంటే 4ని 16 వర్గమూలంతో భాగించాలి, 1 వస్తుంది. సగటుకి అటూ ఇటూ రెండు స్టాండర్డ్ ఎర్రర్లు వేస్తే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. మొదటిది 22 నుంచి 26, రెండోది 17 నుంచి 21. రెండూ ఒకదానిమీద ఒకటి పడలేదు, కాబట్టి తేడా నిజమైనదే కావచ్చు. టీ టెస్ట్ చేస్తే సగటుల తేడా 5ని, రెండు స్టాండర్డ్ ఎర్రర్ల వర్గాల మొత్తానికి వర్గమూలమైన 1.414తో భాగించి 3.54. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 16 + 16 − 2 = 30. 0.05 దగ్గర టేబుల్ విలువ 2.04. మనది ఎక్కువ, కాబట్టి నల్ హైపోథిసిస్ (రెండు గుంపుల మధ్య సిగ్నిఫికెంట్ తేడా లేదనే ఊహ) తోసిపుచ్చుతాం.

చివరి వాక్యం ఎలా రాయాలో చూడు. 'తేడా ఉంది' అని ఆపకు. 'లెక్కించిన టీ విలువ క్రిటికల్ విలువ కంటే ఎక్కువ, ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 5 శాతం కంటే తక్కువ, కాబట్టి నల్ హైపోథిసిస్‌ని తిరస్కరిస్తున్నాం.' నల్ హైపోథిసిస్ రాయమంటే అందులో 'సిగ్నిఫికెంట్ తేడా లేదు' అనే మాట ఉండాలి. 'తేడా లేదు' వేరు, 'సిగ్నిఫికెంట్ తేడా లేదు' వేరు.

బందరురోడ్డు_బైపీసీ:
సుబ్బు సార్, నీట్‌లో ఇదేమీ రాదు కదా, అయినా మొత్తం చదివా. ఫస్ట్ టైమ్ టీ టెస్ట్ అర్థమైంది.

పటమట_పిల్ల:
నాకూ! స్పియర్‌మన్, టీ టెస్ట్ ఎప్పుడూ తారుమారు చేసేదాన్ని. సార్, జీవవైవిధ్యం కొలిచే సింప్సన్ ఇండెక్స్ సూత్రం కూడా ఇస్తారా?

స్టాట్స్_సుబ్బు:
నీ పరీక్ష సంవత్సరం సిలబస్‌లో ఏయే సూత్రాలు ఇస్తారో స్పష్టంగా ఉంటుంది, అది ప్రింట్ తీసి గోడకి అంటించుకో. లెక్క ప్రాక్టీస్ కావాలంటే మీ ఊళ్ళోనే బోలెడు ఉంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, మూడూ ఊరి మధ్యలోంచే పోతున్నాయి. గట్టు మీద మొక్కలకి క్వాడ్రాట్ (మొక్కలు లెక్కపెట్టడానికి నేల మీద పెట్టే చదరపు చట్రం) ఎలా వేస్తావో ప్లాన్ రాయి. టేప్‌తో గ్రిడ్ వేసి, ర్యాండమ్ నంబర్ జనరేటర్‌తో పాయింట్లు తీసుకోవాలి. కళ్ళు మూసుకుని విసరడం ర్యాండమ్ కాదు. గుర్రపుడెక్కని విడి మొక్కలుగా లెక్కపెట్టడం మన వల్ల కాదు, ఎంత శాతం కప్పిందో రాయి. కాలువలోకి మాత్రం దిగకు, గట్టు చాలు.

పటమట_పిల్ల:
కెమిస్ట్రీ సంగతి కూడా చెప్పండి సార్. బాబాయ్ గారూ, మిమ్మల్నే 🙂 అందులో ప్లాన్ కంటే పర్సంటేజ్ ఎర్రర్ దగ్గరే ఎక్కువ పోతున్నాయి.

బ్యూరెట్_బాబాయ్:
సరే తల్లీ, కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

మన ఇంటర్ పద్ధతిలో మూడు గడులు ఉంటాయి. ప్రయోగం, పరిశీలన, అనుమితి. పిల్లలు ఆ మూడూ ఏళ్ళ తరబడి ఒకే వరసలో ఎక్కించేశారు. సాల్ట్ ఏదో ముందే తెలుసుకుని, బ్రౌన్ రింగ్ (నైట్రేట్ ఉందని చూపే గోధుమ రంగు వలయం) కనపడకపోయినా కనపడిందని రాసిన రికార్డులు ఎన్ని దిద్దానో. మీ పేపర్ 5లో ఆ ఆట సాగదు. పరిశీలన వాళ్ళే ఇస్తారు, అది కావాలనే కాస్త వంకరగా ఉంటుంది. వంకర ఎందుకు వచ్చిందో నువ్వు చెప్పాలి.

ఒక్క ఉదాహరణ. మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు, వేడి చేసి నీరు పోగొట్టి ఎంత బరువు తగ్గిందో చూశారు. నాలుగు రీడింగులు గీత మీద ఉన్నాయి, ఒకటి కిందికి ఉంది, అంటే తగ్గాల్సినంత తగ్గలేదు. పిల్లలు ఏం రాస్తారు? 'మానవ తప్పిదం.' దానికి ఎవరూ మార్కు వేయరు. 'నీరు పూర్తిగా పోలేదు, స్థిరమైన బరువు వచ్చేదాకా వేడి చేయలేదు' అని రాయాలి. అదే రీడింగ్ పైకి ఉంటే జవాబు తిరగబడుతుంది. మరీ ఎక్కువ వేడి చేస్తే సల్ఫేట్ కూడా విచ్ఛిన్నమై నల్లటి కాపర్ ఆక్సైడ్ వస్తుంది, లేదా వేడికి పొడి చిట్లి బయటపడి ఉంటుంది. తప్పు ఏ వైపుకి జరిగిందో, నీ కారణం కూడా ఆ వైపుకే లాగాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే ఎవాల్యుయేషన్ సగం అయిపోయినట్టే. స్థిరమైన బరువు అంటే వేడి చేసి, చల్లార్చి, తూచి, మళ్ళీ వేడి చేసి, రెండు బరువులు ఒకటయ్యేదాకా. అలా విప్పి రాయి, పొట్టిగా రాయకు.

ఇప్పుడు ఎర్రర్. బ్యూరెట్‌లో అతి చిన్న గడి 0.1. అందులో సగం 0.05, ఒక్క రీడింగ్‌లో అనిశ్చితి అది. కానీ టైటర్‌కి, అంటే బ్యూరెట్‌లోంచి దిగిన ద్రావణం ఎంతో తేల్చడానికి, రెండు రీడింగులు కావాలి, మొదటిదీ చివరిదీ. కాబట్టి 0.10. నీ టైటర్ 22.40 అయితే 0.10ని 22.40తో భాగించి నూటితో గుణించు, 0.45 శాతం. పిపెట్ ఒక్కసారే, దాని మీద ఎంత రాసి ఉంటే అంతే. 25 మి.లీ. పిపెట్‌కి 0.06 అని ఉంటే 0.24 శాతం. త్రాసుకీ బ్యూరెట్ సంగతే. డబ్బా బరువు, పొడితో డబ్బా బరువు, రెండుసార్లు తూస్తావు కాబట్టి రెట్టింపు. నీకు ఎక్కువగా పోతున్నది ఆ రెట్టింపు దగ్గరే అనుకుంటాను.

'ఈ శాతం తగ్గించడానికి ఏం చేస్తావు' అని అడిగితే 'మంచి పరికరం కొంటాను' అనకు. టైటర్ పెంచు. బ్యూరెట్‌లో ద్రావణాన్ని పలుచన చెయ్యి, లేదా ఫ్లాస్క్‌లో ఎక్కువ తీసుకో.

ఇక స్టాండర్డ్ సొల్యూషన్ తయారీ. ఇది రాకుండా పరీక్షకి వెళ్ళకు. 0.0500 మోలార్ సోడియం కార్బోనేట్ 250 మి.లీ. కావాలనుకో. మోల్స్ 0.0125, దాన్ని 106తో గుణిస్తే 1.325 గ్రాములు. తూచి, బీకర్‌లో కొద్ది నీటితో పూర్తిగా కరిగించు. గరాటు పెట్టి 250 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లోకి దింపు. బీకర్, గాజు కడ్డీ, గరాటు కడిగిన నీళ్ళు కూడా అందులోకే. గుర్తు దగ్గరికి వచ్చాక డ్రాపర్‌తో చుక్క చుక్కా. నెలవంక (ద్రావణం పైభాగంలో కనపడే వంపు) అడుగు గీతని తాకాలి. బిరడా పెట్టి కొన్నిసార్లు తలకిందులు చెయ్యి. ఆ కడిగిన నీళ్ళూ, ఆ తలకిందులు చేయడమూ, నూటికి తొంభై మంది మర్చిపోయేవి అవే.

అరండల్‌పేట_అక్క:
సార్, ఇదంతా రాసి చెప్పారే గానీ ల్యాబ్‌కి తీసుకెళ్ళలేదు కదా 😄

బ్యూరెట్_బాబాయ్:
చేసినవాణ్ని కాబట్టే రాయగలిగాను అమ్మాయ్. ఊరుకుంటావా.

పటమట_పిల్ల:
సార్, 'బ్యూరెట్‌ని దేనితో కడగాలి' అన్నారు కదా మొదట్లో. అందులో పోయబోయే ద్రావణంతో, అవునా? కోనికల్ ఫ్లాస్క్‌ని మాత్రం నీళ్ళతో.

బ్యూరెట్_బాబాయ్:
అవును. ఎందుకు?

పటమట_పిల్ల:
బ్యూరెట్‌లో నీటి చుక్కలు మిగిలితే ద్రావణం పలచబడి టైటర్ ఎక్కువ వస్తుంది. ఫ్లాస్క్‌లో నీళ్ళున్నా ఫర్వాలేదు, పిపెట్‌తో వేసిన మోల్స్ మారవు. అదే ఫ్లాస్క్‌ని ద్రావణంతో కడిగితే మోల్స్ పెరుగుతాయి.

బ్యూరెట్_బాబాయ్:
భేష్. ఆ 'ఎందుకంటే' ప్రతి జవాబుకీ రాయి.

తాడేపల్లి_తల్లి:
మా అబ్బాయి గ్రాఫులు ఎంత నీట్‌గా గీసినా మార్కులు పోతున్నాయి అండీ.

స్టాట్స్_సుబ్బు:
స్కేల్ చూడండి అమ్మా. పాయింట్లు గ్రాఫ్ కాగితంలో రెండు వైపులా సగానికి మించి పరుచుకోవాలి. మూడుకో ఏడుకో ఒక గడి లాంటి విచిత్రమైన స్కేళ్ళు వద్దు, పాయింట్ పెట్టేటప్పుడు వాళ్ళకే తప్పు వస్తుంది. పెన్సిల్ సన్నగా చెక్కుకోవాలి. వాలు కట్టేటప్పుడు గీత మీద దూరదూరంగా ఉన్న రెండు బిందువులు తీసుకోవాలి. టేబుల్‌లో ఇచ్చిన రీడింగ్ గీత మీద పడకపోతే దాన్ని వాడకూడదు. త్రిభుజం చిన్నదిగా గీస్తే వాలు అటూ ఇటూ అయిపోతుంది.

పటమట_పిల్ల:
అర్హీనియస్ గ్రాఫ్‌లో నాకు మైనస్ గుర్తు దగ్గర గందరగోళం. వాలు −6200 వచ్చింది అనుకోండి, యాక్టివేషన్ ఎనర్జీ మైనస్ అవుతుందా?

బ్యూరెట్_బాబాయ్:
అవదు. నిలువు అక్షం మీద రేటు స్థిరాంకం సహజ సంవర్గమానం, అడ్డంగా ఉష్ణోగ్రత విలోమం, అదీ కెల్విన్‌లో. అప్పుడు వాలు అంటే మైనస్ ఎనర్జీ బై ఆర్ (వాయు స్థిరాంకం, 8.31). రెండు మైనస్‌లు కొట్టుకుపోతాయి. 6200 ఇంటూ 8.31, అంటే 51,522 జౌళ్ళు, మోల్‌కి 51.5 కిలోజౌళ్ళు. ఎనర్జీ మైనస్‌లో వస్తే ఎక్కడో తప్పు చేశావని అర్థం. సెల్సియస్‌లో ఇచ్చిన ఉష్ణోగ్రతకి 273 కలపడం మర్చిపోతే వాలు అసలే పనికిరాదు.

బందరురోడ్డు_బైపీసీ:
బాబాయ్ గారూ, నాకూ ఏదైనా హోంవర్క్ ఇవ్వండి, ఊరికే చూస్తూ కూర్చోలేను.

బ్యూరెట్_బాబాయ్:
ఇద్దరికీ ఒకటే ఇస్తాను. మీ ఇంట్లో కుళాయి నీళ్ళు, పక్కింట్లో బోరు నీళ్ళు. ఏది ఎంత కాఠిన్యమో తేల్చడానికి ప్లాన్ రాయండి. వాడేది 0.010 మోలార్ ఈడీటీఏ, పీహెచ్ 10 బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ సూచిక. ద్రాక్ష ఎరుపు నుంచి నీలానికి తిరిగితే అంతిమ స్థానం. ఈడీటీఏ కాల్షియం, మెగ్నీషియం అయాన్లతో ఒకటికి ఒకటి చొప్పున కలుస్తుంది.

లెక్క ఎలా ఉంటుందో చెప్తాను. 50 మి.లీ. బోరు నీళ్ళకి 15.00 మి.లీ. ఈడీటీఏ పట్టిందనుకోండి. మోల్స్ 0.00015. లీటరుకి 0.003. కాల్షియం కార్బోనేట్‌గా చెప్పాలంటే నూటితో గుణించాలి, లీటరుకి 0.3 గ్రాములు, అంటే 300 మిల్లీగ్రాములు. బ్యూరెట్ అనిశ్చితి 0.67 శాతం.

ఇప్పుడు ప్రశ్న. కుళాయి నీళ్ళకి టైటర్ 2.50 మాత్రమే వచ్చింది. అనిశ్చితి ఎంత, ఏం చేస్తారు?

బందరురోడ్డు_బైపీసీ:
0.10 బై 2.50... 4 శాతం! కుళాయి నీళ్ళు 50 బదులు 100 తీసుకోవాలి?

పటమట_పిల్ల:
లేదా ఈడీటీఏని అయిదు రెట్లు పలుచన చేస్తే టైటర్ 12.50 వస్తుంది, అప్పుడు 0.8 శాతం. 100 తీసుకుంటే 5.00 మాత్రమే, ఇంకా 2 శాతం ఉంటుంది.

బ్యూరెట్_బాబాయ్:
ఇద్దరిదీ సరే, అమ్మాయిది ఇంకా మేలు. ప్లాన్ మొత్తం రాసి పెట్టండి.

పటమట_పిల్ల:
రాశాను సార్: 'రెండు నీళ్ళనూ ఒకే రోజు, కుళాయిని రెండు నిమిషాలు వదిలాక, శుభ్రమైన సీసాల్లో పట్టాలి. పిపెట్‌తో 50.0 మి.లీ. కోనికల్ ఫ్లాస్క్‌లో తీసుకోవాలి. కొద్దిగా బఫర్, మూడు చుక్కల సూచిక వేయాలి. బ్యూరెట్‌ని ఈడీటీఏతో కడిగి నింపాలి. ముందు ఒకసారి రఫ్‌గా చేయాలి. తర్వాత రఫ్ టైటర్‌కి 1 మి.లీ. ముందు నుంచి చుక్క చుక్కా వేస్తూ, నీలంగా మారగానే ఆపాలి. 0.10 మి.లీ. తేడా లోపల రెండు టైటర్లు వచ్చేదాకా చేసి, వాటి సగటు తీసుకోవాలి. అదే బఫర్, అన్ని చుక్కల సూచికతో రెండో నీటికీ చేయాలి.'

బ్యూరెట్_బాబాయ్:
'కొద్దిగా బఫర్' ఏంటి తల్లీ? 2 మి.లీ. అని రాయి, దేనితో కొలుస్తావో కూడా రాయి. మిగతాదంతా బాగుంది. తెల్ల టైల్ కూడా వేసుకో ఫ్లాస్క్ కింద, రంగు మార్పు తెలుస్తుంది. బైపీసీ అబ్బాయ్, నీది ఇంకా రాలేదు.

బందరురోడ్డు_బైపీసీ:
రాస్తున్నా సార్, ఒక్క గంట. కరెంట్ పోయింది.